40 వేల దిర్హమ్‌లంటే మన చేతిలో మిగిలేదెంత?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. హైదరాబాద్ బేస్‌లో ఏ320 విమానం మీద ఎఫ్‌ఓగా, అంటే కో పైలట్‌గా ఆరేళ్ళు, ఇంకో ఏడాది ఏడాదిన్నరలో కమాండ్, అంటే కెప్టెన్ హోదా రావచ్చు, మీ ఆవిడకి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పాప ఒకటో తరగతి, ట్రైనింగ్ లోన్ ఇంకా నాలుగేళ్ళు ఉంది. ఇప్పుడు దుబాయ్ నుంచి పెద్ద విమానం మీద ఆఫర్, అదీ ఎఫ్‌ఓగానే, అన్నీ కలిపి నెలకి 40,000 దిర్హమ్‌లు, పన్ను లేదు. "దిర్హమ్‌కి 24 రూపాయల లెక్కన గుణిస్తే 9 లక్షల 60 వేలు అన్నా, ఇంకా ఆలోచించాలా?" అని అడిగావు. ఆలోచించాలి. 2011లో నేనూ సరిగ్గా ఇదే గుణకారం చేసి వెళ్ళాను, ఎనిమిదిన్నరేళ్ళు ఉండి వచ్చాను, వెళ్ళినందుకు బాధ లేదు కానీ ఆ గుణకారం మాత్రం తప్పు.

ఎందుకంటే 9 లక్షల 60 వేలు నువ్వు హైదరాబాద్‌లో ఉండి ఖర్చు పెట్టుకునే డబ్బు కాదు. దిర్హమ్‌లో సంపాదించి దిర్హమ్‌లోనే ఖర్చు పెడతావు, మిగిలినదాన్ని మాత్రమే 24తో గుణించాలి. కాబట్టి ముందు ఇక్కడి మిగులు చూద్దాం, నువ్వు ఇచ్చిన అంకెలతోనే.

నీ గ్రాస్ 3 లక్షల 80 వేలు, కొత్త పన్ను విధానంలో చేతికి దాదాపు 3 లక్షలు. మీ ఆవిడది 1 లక్షా 40 వేలు. మొత్తం 4.4 లక్షలు. నార్సింగిలో అద్దె 45 వేలు, స్కూలు నెలకి 17 వేలు పడుతోంది, పనమ్మాయి, కారు, సరుకులు, బయట తిళ్ళు, స్విగ్గీ అన్నీ కలిపి 60, ఊళ్ళో అమ్మానాన్నలకి 25. లక్షన్నర అనుకో. లోన్ ఈఎంఐ 80 వేలు. నెలకి 2 లక్షల 10 వేలు మిగులుతోంది. నీకు ఇది చాలా తక్కువగా కనిపిస్తోందేమో, కానీ ఈ అంకె గుర్తుపెట్టుకో.

ఇప్పుడు దుబాయ్. నీ 40 వేలలో బేసిక్ 24, ఇంటి అలవెన్స్ 11, ఫ్లయింగ్ పే సగటున 5. ఆ చివరి 5 మీద ఒక మాట. ఫ్లయింగ్ పే ఎగిరితేనే వస్తుంది. సెలవు పెట్టిన నెల రాదు, జలుబు చేసి చెవులు మూసుకుపోయిన నెల సగమే వస్తుంది, పోయిన మొదటి నాలుగైదు నెలలు గ్రౌండ్ స్కూలు, సిమ్ (సిమ్యులేటర్), లైన్ ట్రైనింగ్‌లోనే గడుస్తాయి కాబట్టి అప్పుడు అసలు చేతికొచ్చేది ఏమిటో ఆఫర్ లెటర్‌లో వెతుకు. గ్యారంటీ గంటలు ఉన్నాయా లేవా? మన దగ్గర చాలా కాంట్రాక్టుల్లో నెలకి ఇన్ని గంటలకి ఎగిరినా ఎగరకపోయినా డబ్బులు ఇస్తారు కాబట్టి ఇక్కడివాళ్ళు ఆ ప్రశ్న వేయడమే మర్చిపోతారు, నేనూ మర్చిపోయాను, మొదటి మార్చి నెల జీతం చూసి హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి పరువు తీసుకున్నాను.

ఇల్లు. డబుల్ బెడ్‌రూమ్‌కి ఏడాదికి 1,20,000 దిర్హమ్‌లు అనుకుందాం, పాప స్కూలు దగ్గర్లో, మరీ సముద్రం కనపడే ఇల్లేమీ కాదు. అక్కడ అద్దె మన దగ్గరలాగా ప్రతి నెలా అయిదో తారీఖున గూగుల్ పే కొట్టేది కాదు, ముందే తారీఖులు వేసి చెక్కులు రాసివ్వాలి, ఏడాదికి ఒకటో రెండో నాలుగో. చెక్కులు తగ్గితే అద్దె కాస్త తగ్గిస్తారు. దానికి తోడు 5 శాతం డిపాజిట్, 5 శాతం బ్రోకర్ కమిషన్, ఎజారీ అనే అద్దె ఒప్పందం రిజిస్ట్రేషన్, కరెంటూ నీళ్ళకి దేవా కనెక్షన్ తీసుకుంటే అపార్ట్‌మెంట్‌కి 2,000 దిర్హమ్‌ల డిపాజిట్. నాలుగు చెక్కుల లెక్కన తీసుకున్నా తాళం చేతికి వచ్చేలోపు 45 వేల దిర్హమ్‌లు పోతాయి, అంటే మొదటి జీతం పడకముందే మన డబ్బుల్లో 10 లక్షలు పైన. కంపెనీ అడ్వాన్స్ ఇస్తుందా అడుగు, చాలా కంపెనీలు ఇచ్చి జీతంలో కోసుకుంటాయి. ఆపైన ఏటా అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు, అది దేవా బిల్లులో పన్నెండు ముక్కలై వస్తుంది. పన్ను లేదంటారు కదా, ఇదేమిటి అని నన్ను అడక్కు.

నెల లెక్క ఇలా వేసుకో. అద్దె 10,000. హౌసింగ్ ఫీజు 500. కరెంటు, నీళ్ళు, చిల్లర్ (ఏసీ చల్లదనం బిల్లు) కలిపి 1,200, ఎండాకాలంలో ఎక్కువ. ఇంటర్నెట్, రెండు ఫోన్లు 700. పాప స్కూలు సీబీఎస్‌ఈ అయితే బస్సుతో సహా 1,700, బ్రిటిష్ సిలబస్ స్కూలు అయితే ఈ అంకె రెండింతలో మూడింతలో అవుతుంది, అందుకే నీ కంపెనీ చదువు అలవెన్స్ ఏ వయసు నుంచి ఇస్తుంది, ఎంత వరకు ఇస్తుంది అనేది ముఖ్యం, నీ లెటర్‌లో ఆ మాటే లేదని రాశావు. కారు, ఇన్సూరెన్స్, పెట్రోలు, సాలిక్ టోల్ 2,500. సరుకులు, ఇంటి ఖర్చు 4,000. శని ఆది వారాలు బయటికి వెళ్ళకుండా ఇంట్లో కూర్చోరు కదా, 2,000. డాక్టర్ దగ్గర మన వాటా 300. ఇండియా రాకపోకలు, పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు నెలకి సగటున 1,000. కూడితే 23,900.

మిగిలింది 16,000. దీన్ని 24తో గుణించు, 3 లక్షల 84 వేలు. ఇందులోంచి ఇక్కడి ఈఎంఐ 80 వేలు, అమ్మానాన్నలకి 25 వేలు పంపాలి. 2 లక్షల 80 వేలు. అంటే హైదరాబాద్‌లో ఇప్పుడు మిగులుతున్నదానికంటే 70 వేలు ఎక్కువ. 9 లక్షల 60 వేలు కాస్తా 70 వేలైంది. చాలామంది ఇంతవరకూ రారు, గుణకారం దగ్గరే ఆగిపోతారు.

ఎక్కడ పోయిందో చూశావా? మీ ఆవిడ జీతం. నాకు మరదలి వరస అయ్యే ఆ అమ్మాయి లక్షా 40 వేలు నీ గుణకారంలో ఎక్కడా లేవు. ఆమె నీ వీసా మీద వచ్చి అక్కడ పని చేయొచ్చు, వర్క్ పర్మిట్ తీసుకుంటే చాలు, పదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఉందంటున్నావు కాబట్టి ఉద్యోగం దొరకడం అసాధ్యం కాదు, నెలకి 10,000 దిర్హమ్‌లు వచ్చినా నీ మిగులు 5 లక్షలు దాటుతుంది, అప్పుడు బొమ్మ మొత్తం మారిపోతుంది. కానీ నువ్వు ఇంట్లో ఉండేది నెలకి పది పన్నెండు రోజులు, అవీ ఏ రోజులో ముందు తెలియవు, పాపని స్కూలు బస్సు దగ్గర ఎవరు దించుకుంటారు? ఇక్కడైతే అత్తగారు వరంగల్ నుంచి బస్సెక్కి వచ్చేస్తారు. అక్కడ తల్లిదండ్రుల్ని పెట్టుకోవాలంటే స్పాన్సర్‌షిప్ నిబంధనలు వేరే, ఇన్సూరెన్స్ వేరే, ఆ వయసులో ప్రీమియం తక్కువేమీ ఉండదు. మా ఆవిడ గచ్చిబౌలిలో మంచి ఉద్యోగం వదిలి వచ్చింది, అక్కడ రెండేళ్ళు ఖాళీగా ఉంది, తర్వాత ఇక్కడి హోదాకి రెండు మెట్లు కింద చేరింది. దాని గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకోం. నువ్వు ఆఫర్ లెటర్ మొదట చూపించాల్సింది ఆమెకి, నాకు కాదు.

ఇంకో లెక్క, అసలైనది. ఏడాదిన్నరలో నీకు కమాండ్ వస్తే గ్రాస్ 8 లక్షల దాకా ఉంటుందని నువ్వే రాశావు. ఏడాదికి 96 లక్షలు, 50 లక్షలు దాటింది కాబట్టి 10 శాతం సర్‌ఛార్జ్, దానిపైన 4 శాతం సెస్, మొత్తం పన్ను 28 లక్షల దగ్గర. గుండె కలుక్కుమంటుంది, ఒప్పుకుంటాను. అయినా నెలకి చేతికి 5 లక్షల 65 వేలు. మీ ఆవిడది కలిపితే 7 లక్షలు పైన. ఖర్చు, ఈఎంఐ తీసేస్తే 4 లక్షల 75 వేలు మిగులు. కెప్టెన్ అయ్యాక నార్సింగి నుంచి కోకాపేట టవర్లకి మారతావు, కారు మారుస్తావు, సరే, 50 వేలు తీసెయ్. అయినా దుబాయ్ ఎఫ్‌ఓ మిగులు కంటే దాదాపు లక్షన్నర ఎక్కువ.

అంటే నీ పోలిక హైదరాబాద్‌కీ దుబాయ్‌కీ కాదు. కెప్టెన్ కూర్చునే ఎడమ సీటుకీ, కో పైలట్ కూర్చునే కుడి సీటుకీ. కొత్త కంపెనీలో చేరిన రోజు నీ సీనియారిటీ సున్నా, నీ ముందు వందల మంది ఉంటారు, అప్‌గ్రేడ్ ఎప్పుడొస్తుందో ఆఫర్ లెటర్‌లో ఎవ్వరూ రాసివ్వరు, రిక్రూటర్ నోటితో చెప్పింది నోటితోనే పోతుంది. పైగా కమాండ్ గంటలు లాగ్‌బుక్‌లో ఉన్నవాడికి ప్రపంచంలో ఎక్కడైనా తలుపు తెరుచుకుంటుంది, డైరెక్ట్ ఎంట్రీ కెప్టెన్‌గా తీసుకుంటారు, కొన్ని దేశాల్లో కొన్ని వారాలు పని, కొన్ని వారాలు ఇంట్లో ఉండే కమ్యూటింగ్ కాంట్రాక్టులు కూడా దొరుకుతాయి, కుటుంబం హైదరాబాద్‌లోనే ఉంటుంది. ఎఫ్‌ఓకి ఆ తలుపులు చాలా తక్కువ.

దీనికి ఎదురు మాట కూడా నేనే చెప్తాను, లేకపోతే ఎవరో ఒకరు వచ్చి చెప్తారు. కమాండ్ తీసుకున్నాక వదిలి వెళ్ళడం కష్టం. 2017లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన నిబంధన ప్రకారం నోటీసు పీరియడ్ కో పైలట్‌కి ఆరు నెలలు, కమాండర్‌కి ఏడాది. ఎవరో విదేశీ కంపెనీవాడు ఏడాది నీ కోసం కుర్చీ ఖాళీగా ఉంచుతాడా? కొందరు ఉంచుతారు, మంచి మార్కెట్‌లో. ఇప్పుడు నీకు ఆరు నెలలే, కానీ నీ ఆఫర్‌లో జాయినింగ్ మూడు నెలల్లో అన్నావు, ఆ మిగతా మూడు నెలల సంగతి, బాండ్ ఇంకా ఉంటే దాని సంగతి, ఎన్‌ఓసీ సంగతి తేలకుండా సంతకం పెట్టకు. పెద్ద విమానం ఎక్కాలనే కోరిక కూడా ఉంటుంది, అది నాకు తెలుసు, ట్రిపుల్ సెవెన్ (బోయింగ్ 777) మీద మొదటిసారి టేకాఫ్ రోల్‌లో కూర్చున్న రోజు నేను జీతం గురించి ఆలోచించలేదు. ఆ కోరికకి ధర ఎంత కట్టుకుంటావో నీ ఇష్టం. ధర ఉందని మాత్రం తెలిసి కట్టుకో. అలాగే కమాండ్ ఏడాదిన్నరలో ఖాయమా అన్నది నీ కంపెనీలో విమానాలు వస్తున్నాయా, నీ ముందు ఎంతమంది ఉన్నారు, నీ సిమ్ రిపోర్టులు ఎలా ఉన్నాయి, వీటి మీద ఉంది. నాలుగేళ్ళు పట్టేలా ఉంటే నా సమాధానం వేరు.

పన్ను దగ్గర నేను చేసిన తప్పు నువ్వు చేయకు. నేను 2011 నవంబరులో వెళ్ళాను. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజులు ఉంటే ఆ ఏడాదికి నువ్వు రెసిడెంట్‌వే, ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ లెక్క చెప్పాలి. నేను అప్పటికే ఏడు నెలలు ఇక్కడ ఉన్నాను. పన్ను లేని జీతం అని సంబరపడిన ఆ నాలుగు నెలల జీతానికీ పన్ను కట్టాను, పైగా వడ్డీతో. అందుకని వెళ్తే జూన్ జులైల్లో వెళ్ళు. సెప్టెంబరు చివర్లో వెళ్ళినా లెక్క సరిపోతుంది కదా అంటారు, సరిపోతుంది, ఆ తర్వాత దసరాకీ సంక్రాంతికీ ఇంటికి రాకపోతే. మన పైలట్లకి ఇంకో చిక్కు ఉంది, డ్యూటీ మీద వచ్చినప్పుడు జనరల్ డిక్లరేషన్ అనే సిబ్బంది పేర్ల కాగితం మీద దిగుతాం కాబట్టి పాస్‌పోర్ట్‌లో చాలాసార్లు ముద్ర పడదు, రేపు అడిగితే ఏ రోజు ఎక్కడున్నావో చూపించడానికి రోస్టర్లూ లాగ్‌బుక్కూ తప్ప ఏమీ ఉండవు. అన్నీ దాచుకో. ఇక్కడ అద్దెలూ షేర్లూ కలిపి ఏటా 15 లక్షలు పైన ఆదాయం ఉన్నవాళ్ళకి నిబంధనలు ఇంకా బిగుసుకుంటాయి, నీకు ఆ బాధ లేదు, అయినా వెళ్ళేముందు ఒక్కసారి ఆడిటర్ దగ్గర కూర్చో. ఇక్కడి అకౌంట్‌ని ఎన్‌ఆర్‌ఐల ఖాతా ఎన్‌ఆర్‌ఓగా మార్పించి, అక్కణ్ణుంచి పంపే డబ్బుకి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరువు, దాని ఎఫ్‌డీ వడ్డీకి ఇక్కడ పన్ను ఉండదు.

రూపాయి సంగతి అడిగావు. దిర్హమ్ 1997 నుంచీ డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేసి ఉంది, కాబట్టి డాలర్ పెరిగితే నీ దిర్హమ్ పెరుగుతుంది. నేను వెళ్ళినప్పుడు దిర్హమ్ 14 రూపాయల దగ్గర, తిరిగొచ్చినప్పుడు 20 దాటింది, ఇప్పుడు 24. నా ట్రైనింగ్ లోన్ ఈఎంఐ రూపాయల్లో అక్కడే నిలబడి ఉంటే నా జీతం దాన్ని దాటుకుంటూ పోయింది, నిజంగా కలిసొచ్చింది అదే. అత్తాపూర్ ఫ్లాట్ అలా కొన్నదే. కానీ అది దిర్హమ్‌లో మిగిల్చినవాడికే. జేబులో మిగలకపోతే రేటు ఎంత పెరిగినా లాభం లేదు, దుబాయ్ మాల్స్ ఆ పని మీదే ఉన్నాయి.

వెళ్ళిపోయేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ కూడా లెక్కలో పెట్టు, అది మంచి డబ్బే. అక్కడి కార్మిక చట్టం ప్రకారం మొదటి అయిదేళ్ళు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. నీ బేసిక్ 24 వేలు కాబట్టి అయిదేళ్ళకి 84,000 దిర్హమ్‌లు, ఇప్పటి రేటుకి 20 లక్షలు. బేసిక్ మీద మాత్రమే అని గుర్తుంచుకో, మొత్తం 40 మీద కాదు. ఇక్కడి పీఎఫ్ లాంటిది మీ కంపెనీకి సొంతంగా ఏదైనా ఉందేమో అడుగు, ఉంటే ఎన్నేళ్ళు ఉంటే కంపెనీ వాటా పూర్తిగా మనదవుతుందో కూడా.

ఇక చివరిది, ఎవరూ లెక్కేయనిది. 2020 మార్చిలో విమానాలన్నీ ఆగిపోయాయి. జులైలో నాకు మెయిల్ వచ్చింది, రెండు పేరాలు. అక్కడ ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే ఇన్సూరెన్స్ పోతుంది, పిల్లవాడి స్కూలు పోతుంది, అన్నీ ఒకే దారానికి కట్టి ఉంటాయి. ఇంటి ఓనర్ దగ్గర నావి ఇంకా రెండు చెక్కులున్నాయి, అప్పట్లో చెక్ బౌన్స్ అయితే పోలీసు కేసు. కాళ్ళావేళ్ళా పడితే రెండు నెలల అద్దె పెనాల్టీ తీసుకుని వదిలాడు. కారు కొన్నదాంట్లో సగానికి అమ్మాను, ఎందుకంటే ఆ వారం అందరూ అమ్ముతున్నారు. కోవిడ్‌లో విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళని తెచ్చిన వందే భారత్ ఫ్లైట్‌లో శంషాబాద్‌లో దిగాం, నేను వెనక ముప్ఫైరెండో వరుసలో. ఆ తర్వాత పద్దెనిమిది నెలలు పని లేదు, ఏ320 రేటింగ్ (ఆ విమానం నడిపే అర్హత) ఎప్పుడో పోయింది కాబట్టి మళ్ళీ సిమ్‌కి సొంత డబ్బులు పెట్టుకున్నాను. అందుకే చెప్తున్నాను, వెళ్ళినా నీ ఇండియన్ లైసెన్సూ క్లాస్ 1 మెడికలూ చావనివ్వకు, సెలవుకి వచ్చినప్పుడల్లా ఆ పని చూసుకో. ఆరు నెలల దుబాయ్ ఖర్చు, అంటే లక్షన్నర దిర్హమ్‌ల దాకా, ముట్టుకోకుండా పక్కన ఉండాలి, అది పోగయ్యేదాకా ఇక్కడ ప్లాటూ ఫ్లాటూ అనొద్దు. ఆరోగ్యం వల్ల లైసెన్స్ పోతే డబ్బిచ్చే లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చినా సొంతంగా ఒకటి తీసుకో, మీ నాన్నగారికీ బాబాయికీ షుగర్ ఉందని రాశావు, నలభై అయిదేళ్ళకి మెడికల్‌లో ఏమొస్తుందో ఎవరికి తెలుసు.

స్టాఫ్ టికెట్లు ఉంటాయి కదా, నెలకోసారి ఇంటికి రావచ్చు అనుకుంటున్నావు. దుబాయ్ నుంచి హైదరాబాద్ నాలుగు గంటల్లోపే, నిజమే. కానీ ఆ టికెట్ స్టాండ్‌బై, సీటు మిగిలితేనే. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు హైదరాబాద్ ఫ్లైట్‌లో సీటు మిగలడం నేను ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. పండక్కి వెళ్ళాలంటే అందరిలాగే పూర్తి డబ్బు పెట్టి కొన్నాను.

కాబట్టి నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా: ఇప్పుడున్న అంకెలతో నేనైతే ఈ ఆఫర్ వదిలేస్తాను, కమాండ్ తీసుకుంటాను, వెయ్యి గంటలు ఎడమ సీట్లో ఎగిరి, లోన్ తీర్చి, అప్పుడు మళ్ళీ చూస్తాను. రెండు మారితే నా మాట మారుతుంది. ఒకటి, మీ ఆవిడకి వెళ్ళకముందే అక్కడ ఉద్యోగం చేతిలో ఉంటే, లేదా ఇప్పుడు చేస్తున్నదే దుబాయ్ ఆఫీసుకి మార్పించుకోగలిగితే. రెండు, ఇక్కడ కమాండ్ నిజంగా దూరమైతే. ఆ రెంటిలో ఏ ఒక్కటి నిజమైనా జులైకి టికెట్ బుక్ చేసుకో.

ఫ్లయింగ్ పే క్లాజూ, చదువు అలవెన్స్ క్లాజూ, కంపెనీ తీసేస్తే ఎన్ని రోజుల నోటీసు ఇస్తుందో ఆ క్లాజూ, ఈ మూడూ కంపెనీ పేరు కొట్టేసి యథాతథంగా రాసి పెట్టు. బుధవారం దాకా నాకు సిమ్ ఉంది, ఆ తర్వాత కూర్చుని చూస్తాను.